దేవరగట్టుకి రంగులు అక్కర్లేదు

దేవరగట్టు అనగానే అందరికీ దసరా రాత్రి బన్ని ఉత్సవం, కర్రలు, దివిటీలు, టీవీ వార్తలే గుర్తొస్తాయి. మా హొళగుంద వైపు వాళ్లకి ఆ గట్టు మిగతా ఏడాదంతా కూడా ఉంటుంది కదా! మాళ మల్లేశ్వరస్వామి కొండ, చుట్టూ బండలు, కింద నల్లరేగడి చేలు. పెన్సిల్ పట్టుకుని కూర్చుంటేనే నాకు ఆ మిగతా ఏడాది కనబడుతుంది.

ఫోటో ఇట్టే అయిపోతుంది. బొమ్మకైతే ఏ బండ దేనిమీద ఆనుకుందో, సందులో నీడ ఎక్కడ తెగుతుందో చూడాలి. ఆ సందులకి ముదురు 6బి పెన్సిల్. దూరపు గుట్టలకి 2హెచ్, అదీ చెయ్యి ఆనీ ఆనకుండా. ఎండ పడిన బండ నెత్తిన మాత్రం ఏమీ గీయకూడదు. కాగితం తెలుపే మా ఎండ.

28 ఏళ్లు నిండకుండానే 1925లో పోయిన చిత్రకారుడు దామెర్ల రామారావు గారు గోదావరిని రంగుల్లో చూపించారు. ఆ నీళ్లకి, పచ్చదనానికి రంగులు కావాలి. మా బండలది పెన్సిల్ రంగే.

మొన్న ఒక బొమ్మ వాట్సాప్‌లో పెడితే, బెంగళూరు పనులకి పోయిన చిన్నాయన వెంటనే ఫోన్: "కుడిపక్క మన సేను ఇడ్సిపెట్టినావేంరా?" అక్కడ నేను గీసింది నాలుగు అడ్డగీతలే. ఆయన దాంట్లో సేను వెతుక్కున్నాడు. రంగు ఫోటోలు ఎన్ని పంపినా ఎప్పుడూ ఇలా అడగలేదు.

గట్టుకి వస్తే ఓ పెన్సిల్ తెచ్చుకోండి. బొమ్మ కుదరకపోయినా ఫర్వాలేదు, గట్టుని మాత్రం బాగా చూసిపోతారు.