పంటు రేవులో కోత మిషను

మా ముక్తేశ్వరం రేవు నుంచి అవతల కోటిపల్లికి పంటు తిరిగేది. మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ ఎక్కించుకుని గౌతమి దాటించే ఆ పంటు ఇంజను మొరాయిస్తే రేవంతా ఆగిపోయేది. అందుకే రేవు పక్క షెడ్డులో ఉండే మెకానిక్కంటే ఊళ్ళో అందరికీ గౌరవం. నేను ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి. బడి వదలగానే వెళ్ళి పానాలు అందించేవాణ్ణి.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరిని కూల్చేసింది. తలలు విరిగిన మోళ్ళు తోటల్లో చాలాకాలం అలాగే నిలబడి ఉండేవి. గొడ్డళ్ళతో, ఇద్దరు పట్టి లాగే రంపాలతో కోసేవారు. కొన్నేళ్ళకి చెట్లు కొట్టే మేస్త్రి ఒకాయన బాబాయ్ దగ్గరికి పెట్రోలు రంపం తెచ్చాడు. దాన్ని అందరం కోత మిషను అనేవాళ్ళం.

"కొబ్బరికి పర్లేదండి. నిద్రగన్నేరు మొదట్లో పెడితే ఆగిపోతందండి. ఇంకాస్త పవరు రావాలండి, ఆయ్" అన్నాడు మేస్త్రి.

బాబాయ్ ముందు గొలుసు చూశాడు. కొబ్బరి మాను చుట్టూ గట్టి, మధ్యలో మెత్తన. ఆ గట్టి పీచు పళ్ళని ఇట్టే మొద్దుబారుస్తుంది. మొద్దు గొలుసుకి ఎంత పవరిచ్చినా దండగే. దాన్ని సానబెట్టించాకే ఇంజను విప్పాడు.

సైలెన్సరులో పొగ పోయే దారి ఇరుగ్గా ఉంటే వెడల్పు చేశాడు. తర్వాత సిలిండరు గోడకున్న పొగ కంత. ఆకురాయితో దాన్ని పక్కలకే గీశాడు, పై అంచు ముట్టుకోలేదు. పైకి పెంచితే మంట బలం పిస్టన్ని పూర్తిగా తొయ్యకముందే బయటికి పోతుంది. అప్పుడు చుట్లు పెరుగుతాయి గానీ లాగుడు తగ్గుతుంది. మాను కోసేవాడికి కావలసింది లాగుడే. లోపలి పూత పల్చన, ఆకురాయి జారిందా సిలిండరు పోయినట్టే. ఆ కాసేపూ నన్ను ఊపిరి కూడా గట్టిగా పీల్చనిచ్చేవాడు కాదు.

సిలిండరు కింద ప్యాకింగు పల్చటిది వేసి, ప్లగ్గు రంధ్రంలోంచి టంకం తీగ దూర్చి, ఇంజన్ని చేత్తో ఒక చుట్టు తిప్పాడు. పిస్టనుకీ హెడ్డుకీ మధ్య ఎంత సందు మిగిలిందో నలిగిన తీగ మందమే చెబుతుంది.

తూర్పు జర్మనీలో వాల్టర్ కాడెన్ 1950ల్లో ఎం.జెడ్. రేసు బళ్ళకి పొగగొట్టం ఆకారంతోనే బలం తెప్పించాడనీ, ఆ విద్య తెలిసిన రేసరు ఎర్నెస్ట్ డెగ్నర్ 1961లో పశ్చిమానికి దాటిపోయి సుజుకీలో చేరితే మరుసటేడే ఆ కంపెనీకి 50 సీసీ ప్రపంచ టైటిల్ దక్కిందనీ పెద్దయ్యాక చదివాను. చేత్తో పట్టుకునే మిషనుకి అంత గొట్టం కుదరదు. బాబాయ్ చేతిలో ఉన్నదల్లా కార్బురేటరు స్క్రూ, చెవి.

టూ స్ట్రోకు ఇంజనులో నూనె పెట్రోలుతో కలిసే లోపలికి వెళ్ళాలి. స్క్రూ బిగిస్తే పెట్రోలుతోపాటు నూనె కూడా తగ్గుతుంది. మిషను రివ్వున అరుస్తుంది, కుర్రాళ్ళకి ఆ అరుపే ఇష్టం, కాసేపటికి పిస్టను పట్టేస్తుంది. బాబాయ్ ఖాళీగా తిప్పినప్పుడు కాస్త బొంగురుగా, తడబడుతున్నట్టు వినపడేలా వదిలేవాడు. మానులో దిగగానే ఆ బొంగురు పోయి గొంతు శుభ్రపడేది.

మొదటి దుంగ కోశాక ప్లగ్గు విప్పించాడు. కొస కాఫీపొడి రంగులో ఉంటే సరే. ఆ రోజు తెల్లగా ఉంది. స్క్రూ ఇంకాస్త వదులు చేసి, ఇంకో దుంగ పెట్టమన్నాడు.