చంద్రముఖి అని పిలిచే ముందు...

దెయ్యానికి పాత బంగళా కావాలి, తాళం వేసిన గది కావాలి, గాలికి టపటపా కొట్టుకునే కిటికీ రెక్క కావాలి. మా హైటెక్ సిటీలో ఇవేవీ లేవు. సైబర్ టవర్స్ వచ్చిందే 1998లో! మెళ్లో వేలాడే కార్డు చూపిస్తే ఏ తలుపైనా తెరుచుకుంటుంది. అర్ధరాత్రి కూడా పట్టపగలే. అయినా మాదాపూర్‌లో మేమున్న లేడీస్ హాస్టల్లో ఒక ‘చంద్రముఖి’ ఉండేది.

నైట్ షిఫ్టులు చేసి చేసి ఆ అమ్మాయికి నిద్ర పట్టకుండా పోయింది. తనలో తనే మాట్లాడుకునేది. ఉన్నట్టుండి కసిరేది. ఎవరో ‘చంద్రముఖి’ అన్నారు. అంతే, పేరు ఖాయమైపోయింది. ఆమె మెట్లెక్కుతుంటే వెనకాల ‘లకలకలక’ అని నవ్వులు! ఇంతకీ వీళ్లు ఆ సినిమాలో ఏం చూశారా అని మళ్లీ పెట్టుకుని చూశాను.

మూలం మలయాళం. మధు ముట్టం కథతో ఫాజిల్ తీసిన ‘మణిచిత్రతాళు’ 1993లో వచ్చింది. శోభనకి జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చింది. దాన్నే పి.వాసు 2004లో కన్నడంలో ‘ఆప్తమిత్ర’గా, 2005లో తమిళంలో ‘చంద్రముఖి’గా తీశాడు. మనం చూసింది ఈ తమిళ చిత్రానికి డబ్బింగ్. చెన్నై శాంతి థియేటర్‌లో అది 800 రోజులు దాటి ఆడింది.

ఈ కథలో గొప్ప సంగతేమిటంటే, అసలు దెయ్యమే లేదు! భయపెట్టేది మనకు బాగా తెలిసిన గంగే. ఆమె నోట పరాయి భాష వస్తుంది. మలయాళంలో ఆ భాష తమిళం, తమిళంలో తెలుగు. డబ్బింగ్‌లోనూ తెలుగే ఉంచితే మనకి పరాయిగా అనిపించదు కదా! అందుకే మనకి తమిళ పాట వినిపించారు. భేష్! ఇక భర్త వెళ్లొద్దన్నప్పుడు ఒంటిచేత్తో మంచం లేపే సీనులో జ్యోతిక కళ్లు చూడండి. గ్రాఫిక్స్ ఎందుకండీ?

మరి లోపం? మలయాళంలో డాక్టరు మోహన్‌లాల్ కథ చాలా దూరం నడిచాక గాని రాడు. ఆలోగా ఆ ఇల్లూ, గంగా మనకు అలవాటైపోతారు. ఇక్కడ రజనీకాంత్ మొదట్లోనే ఫైటుతో దిగుతాడు, వెంటనే పాట. హాలు ఊగిపోతుంది, కాదనను. కానీ గంగ మీద జాలి పుట్టేలోగా వడివేలు కామెడీ వచ్చి పడుతుంది. చివర్లో బొమ్మని తగలబెట్టించి ఒక్క రాత్రిలో జబ్బు నయం చేసేస్తారు. హాల్లోంచి బయటికొచ్చేవాళ్లకి పేషెంటు గుర్తుండదు, కేకలే గుర్తుంటాయి.

మా హాస్టల్ అమ్మాయిని మేం ఇద్దరం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన మందుల కంటే ముందు షిఫ్టు మార్పించుకోమన్నాడు. రెండు నెలలకి కుదుటపడింది. బొమ్మా లేదు, మంటా లేదు.

అన్నట్టు, ఒక్కమాట. ఆ ‘లకలకలక’ చంద్రముఖి నవ్వు కాదు. ఆమెని నిలువునా తగలబెట్టిన రాజుది. ఈసారి ఎవర్నైనా చూసి అలా నవ్వాలనిపిస్తే, మీరు ఎవరి వేషం కడుతున్నారో కాస్త చూసుకోండి!