నలభై ఎనిమిది గంటలు

మా చెల్లెలి కుమారుడు ఇంజనీరింగ్ మూడవ సంవత్సరం చదువుతున్నాడు. తండ్రి లేని బిడ్డ కనుక అతని బాధ్యతలో మాకూ కొంత భాగముంది. ఒక శనివారం ఉదయం చెల్లెలు ఫోను చేసి, "భాయీజాన్, వీడు తలుపు వేసుకొని కంప్యూటర్ ఆట తయారు చేస్తున్నాడు. మీరొచ్చి నాలుగు మాటలు చెప్పండి" అన్నది. మేము నాలుగు కాదు, నలభై మాటలు సిద్ధం చేసుకొని వెళ్ళాము.

అది 'లూడమ్ డేర్' అనే పోటీ. లాటిన్‌లో ఆ పేరుకు ఆటను ఇవ్వడమని అర్థమట. 2002 నుండి జరుగుతున్నది. ముందుగా ఒక అంశం ప్రకటిస్తారు. ప్రధాన విభాగంలో ఒక్కరే కూర్చొని 48 గంటల్లో ఆటను పూర్తి చేయాలి. కోడు, బొమ్మలు, శబ్దాలు అన్నీ ఆ గడువులో స్వయంగా చేసినవే కావాలి, సోర్సు కోడు కూడా జతపరచాలి. 'జామ్' అనే మరో విభాగంలో 72 గంటలు, జట్టుగా చేయవచ్చు. మైన్‌క్రాఫ్ట్ ఆటను సృష్టించిన మార్కస్ పెర్సన్ అంతటివాడు కూడా 2011 డిసెంబరులో ఈ పోటీలో పాల్గొని 'మినీక్రాఫ్ట్' అనే చిన్న ఆట చేశాడట. "బహుమతి ఎంత?" అని అడిగాము. "ఏమీ లేదు మామూజాన్" అన్నాడు. మా నలభై మాటల్లో సగం అక్కడే ఆగిపోయాయి.

అతని పనిముట్లకు పైసా ఖర్చు లేదు. ఆటను అల్లేది గోడో అనే ఇంజన్‌తో. అర్జెంటీనాకు చెందిన ఇద్దరు మొదలుపెట్టిన ఆ ఇంజన్ 2014లో సోర్సుతో సహా అందరికీ విడుదలైంది. బొమ్మలు క్రిటాలో గీశాడు. కొండపైకి నీళ్ళ కుండలు మోసే ఒక గాడిద, అంతే ఆట. దాని చెవులు మాకు నచ్చాయి. నమాజు వేళలకు లేచి వస్తున్నాడు గనుక ఇక మందలించవలసినదేమీ కనిపించలేదు.

ఆదివారం రాత్రి ఇషా తరువాత మళ్ళీ వెళ్ళాము. ఆట పూర్తయింది కాని దానికి శబ్దమే లేదు. స్నేహితుడు ఎప్పుడో కూర్చిన చక్కని బాణీ ఒకటి అతని కంప్యూటర్‌లో ఉంది. "పెట్టేయి బేటా, ఎవరికి తెలుస్తుంది?" అన్నాము.

అతడు తల ఎత్తలేదు. "కోడు అయితే అందరూ చూస్తారు మామూజాన్. బాణీ ఎవరిదో ఎవరూ కనిపెట్టలేరు. అందుకే పెట్టను. జామ్‌లోకి మారితే వాడుకోవచ్చు, కాని ఒంటరిగా చేయగలనో లేదో తెలుసుకోవడానికే కూర్చున్నాను."

ఆ వారమే తరగతిలో అమానత్ గురించి పాఠం చెప్పి వచ్చాము. ఎదుట కూర్చున్న పిల్లలు మమ్మల్ని ఎంత నమ్మి విన్నారో తలచుకొని సిగ్గుపడ్డాము. మా నోట ఆ మాట అంత సులభంగా ఎలా వచ్చిందో నేటికీ అర్థం కాలేదు.

2007లో పదవ పోటీ సందర్భంగా డాక్టర్ పెట్టర్ అనే పేరుతో ప్రసిద్ధుడైన ఒక ప్రోగ్రామర్ 'ఎస్‌ఎఫ్‌ఎక్స్‌ఆర్' అనే చిన్న సాధనం తయారు చేసి తోటి పోటీదారులకు ఇచ్చాడు. మీటలు నొక్కితే టిక్కు, టుప్పు వంటి శబ్దాలు పుడతాయి. దానితోనే గాడిద అడుగుల చప్పుడు చేసి, గడువుకు కాస్త ముందు ఆటను పంపాడు.

తీర్పు చెప్పేవారు తోటి పోటీదారులే. ఇతరుల ఆటలు ఆడి, వినోదం, నవ్యత, బొమ్మలు, ధ్వని వంటి విభాగాల్లో నక్షత్రాలు ఇవ్వాలి. తన ఆటకు కనీసం 20 మంది తీర్పు లభిస్తేనే స్థానం దక్కుతుంది. ఇంచుమించు మూడు వారాలు ఆ పనే సాగింది. ఇతరుల ఆటల కింద అతడు రాసిన వ్యాఖ్యలను మాకు చదివి వినిపించేవాడు. లోపం చెప్పేటప్పుడు కూడా మర్యాద తప్పలేదు. మేము జవాబు పత్రాలు దిద్దే తీరు గుర్తుకు వచ్చింది, ఆ సంగతి ఇక్కడ రాయము.

ఫలితాలు వచ్చాయి. వినోదంలో ఫరవాలేదు, ధ్వనిలో అట్టడుగు. "ఆ పాట పెట్టి ఉంటే బాగుండేది కదా" అని చెల్లెలు నొచ్చుకున్నది. కుర్రవాడు మా వైపు చూశాడు. మేము కళ్ళు దించుకొని, ఆ గాడిద నడకను మరొకసారి వినిపించమని అడిగాము.