డైడెస్‌హైమ్‌లో ఎక్కడ తినాలి?

మార్గరెట్ థాచర్‌కి పంది పొట్ట వడ్డించిన ఊరు డైడెస్‌హైమ్. 1989లో అప్పటి పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ హెల్ముట్ కోల్ ఆవిడకు తన సొంత ప్రాంతం చూపిస్తానని ఇక్కడికి తీసుకొచ్చారు. ఊరి నడిబొడ్డున ఉన్న డైడెస్‌హైమర్ హోఫ్ అనే పాత హోటల్లో కూర్చోబెట్టి, తనకు ప్రాణప్రదమైన సౌమాగెన్ తినిపించారు. ఆవిడ ఫోర్కుతో పళ్లెంలో అటూ ఇటూ కదిపారే తప్ప పెద్దగా తినలేదని, వెంట వచ్చిన సలహాదారు తర్వాతెప్పుడో చెప్పారు. మరుసటి ఏడాది గోర్బచెవ్, ఆ తర్వాత యెల్త్సిన్ వచ్చారు. వాళ్లకీ అదే మర్యాద.

ఈ కథ విన్నాక ఆ ఊళ్లో ఒక పూటైనా తినకుండా తిరిగి రాబుద్ధి కాలేదు. మా మేనల్లుడు వాల్‌డోర్ఫ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మాన్‌హైమ్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ వాళ్ల వారాంతాలు హైడెల్‌బర్గ్ కోట దగ్గరే అయిపోతుంటాయి. "వైన్ ఊరికి మీరెందుకు మామయ్యా, మీరు తాగేదే అరగ్లాసు" అని వాడు నవ్వాడు. "తాగడానికి కాదురా, తినడానికి" అన్నాను. కోడలు శాకాహారి. ఆ అమ్మాయిని కూడా బయల్దేరదీశాం.

సెప్టెంబరు చివర్లో ఒక శనివారం. నాయ్‌స్టాట్‌లో రైలు మారితే పది నిమిషాల్లో డైడెస్‌హైమ్. పడమటి పక్క హార్ట్ కొండలు, తూర్పున చదునైన రైన్ మైదానం, మధ్యలో అంతా ద్రాక్ష. వానమబ్బుల్ని ఆ కొండలు అడ్డుకోవడంతో ఇక్కడ ఎండ ఎక్కువ. అంజూరాలు, బాదం చెట్లు కూడా కాస్తాయి. ఊళ్లో అంజూరాల పేరుతో ఒక సందే ఉంది. గోడల మీంచి కొమ్మలు వీధిలోకి వంగి ఉన్నాయి. జనాభా నాలుగు వేల లోపే. ఈ ఊరికి 1395లోనే పట్టణ హోదా దక్కింది. రీస్లింగ్ ద్రాక్షకు పేరుపడ్డ మూడు పెద్ద వైన్ సంస్థలు ఇక్కడే ఉన్నాయి. మూడూ 1849లో యోర్డాన్ కుటుంబం ఆస్తి పంచుకోవడంతో పుట్టినవే. అన్నదమ్ముల పంపకాలతో బాగుపడ్డ ఊరు ఇదొక్కటే చూశాను.

మధ్యాహ్నం నేరుగా డైడెస్‌హైమర్ హోఫ్‌లోని సాంక్ట్ ఉర్బన్‌కు వెళ్లాం. ఉర్బన్ ద్రాక్ష రైతులు కొలిచే సెయింటు. సౌమాగెన్ పేరు వింటే భయం వేస్తుంది గానీ, పొట్ట నిజానికి సంచీ మాత్రమే. పంది మాంసం, బంగాళదుంప ముక్కలు, సాసేజీలకు వాడే మెత్తటి మాంసం కలిపి, మార్జొరం ఆకు, జాజికాయ వేసి ఆ సంచీలో కూరి కుట్టేస్తారు. మరుగు రాని వేడినీళ్లలో గంటల తరబడి ఉడికిస్తారు. తర్వాత చక్రాల్లా కోసి పెనం మీద ఎర్రగా కాలుస్తారు. పక్కన పుల్లటి క్యాబేజీ, బంగాళదుంప ముద్ద. కారం అన్న మాటే లేదు, మిరియాల ఘాటు కొద్దిగా ఉంది. అయినా ఆ కరకర అంచు, మార్జొరం వాసన, మధ్యమధ్య పుల్లటి గుక్క రీస్లింగ్ కలిస్తే పళ్లెం తెలియకుండా ఖాళీ అయింది. థాచర్‌గారు తొందరపడ్డారనే నా అభిప్రాయం.

ఇంతకన్నా పాత చోటు కావాలంటే దగ్గర్లోనే గాస్ట్‌హౌస్ త్సుర్ కానె ఉంది. 1160 నాటి సత్రమని చెబుతారు. జేబు బరువుగా ఉన్నవాళ్లకు ఫాన్ విన్నింగ్ వైన్ సంస్థ ఆవరణలో లెయోపోల్డ్ ఉంది. అక్కడికి టేబుల్ ముందే చెప్పి ఉంచుకోవాలి.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇక్కడ వంటిల్లు చాలాచోట్ల రెండు గంటలకల్లా మూసేస్తారు. మళ్లీ సాయంత్రం ఐదున్నర, ఆరుకే తెరుస్తారు. మధ్యలో ఆకలేస్తే కాఫీ, కేకుతో సరిపెట్టుకోవాలి. ఆ ఖాళీలో పాత టౌన్‌హాలు చూడండి. బయటినుంచే రెండు వైపులా ఎక్కే మెట్లు, పైన చిన్న పందిరి. ఏటా పెంతెకోస్తు పండగ మర్నాడు కాక ఆ మర్నాడు, అంటే మంగళవారం, ఆ మెట్ల మీద మేకపోతును వేలం వేస్తారు. కొండల అవతలి లాంబ్రెక్ట్ ఊరివాళ్లు డైడెస్‌హైమ్ అడవిలో పశువుల్ని మేపుకున్నందుకు పన్నుగా ఒక మేకపోతును ఇవ్వాలన్నది 1404 నాటి ఒప్పందం. అక్కడ అందరికన్నా కొత్తగా పెళ్లయిన జంట దాన్ని అడవిదారిలో తోలుకొస్తుంది. మేక అనగానే నా మనసు ఎటు పోయిందో చెప్పనక్కర్లేదు. మేం చూసిన ఏ మెనూలోనూ మేక మాంసం కనబడలేదు.

అసలు భోజనం సాయంత్రం దొరికింది. ఒక ఇంటి గేటుకు ఆకుల గుత్తి వేలాడుతోంది. అంటే ఆ రైతు ఇంట్లో ష్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్ తెరిచారన్నమాట. ద్రాక్ష రైతు తను చేసిన వైన్‌ని తన పెరట్లోనే, హోటల్ లైసెన్సు లేకుండా అమ్ముకోవచ్చు. అయితే ఏడాదికి నాలుగు నెలలే, నలభై కుర్చీలు మించకూడదు, వంటలు సాదాగా ఉండాలి. ఈ షరతుల వల్లే ఆ చోటు ఇంకా ఇల్లులాగే ఉంది. ఇంటామె వడ్డిస్తుంది, కొడుకు గ్లాసులు కడుగుతాడు.

పొడుగు బల్లలు. ఖాళీ ఉన్నచోట అడిగి కూర్చోవడమే. మా బల్ల దగ్గర ఒక ముసలి జంట ఉన్నారు. ముందు అరలీటరు గ్లాసు, చేతికి పట్టుచిక్కేలా చుట్టూ గుంటలు. అందులో షోర్లె, అంటే వైన్‌లో సోడా. ఈ ప్రాంతంలో సోడా తక్కువ, వైన్ ఎక్కువ పోస్తారు. పరిచయాలయ్యాక ఆ పెద్దాయన రెండు గుక్కలు తాగి గ్లాసు నా వైపు జరిపాడు. ఒకే గ్లాసు బల్లంతా తిరగడం ఇక్కడి ఆనవాయితీ. ఎంగిలి సంగతి ఆయనకెలా చెప్పను? కోడలు నవ్వాపుకోలేక తల తిప్పుకుంది. ఒక గుక్క తాగి మేనల్లుడికి అందించాను.

ఆ రోజుల్లో కొత్త వైన్ వస్తుంది. ఫెడర్‌వైసర్ అంటారు. ఇంకా పులుస్తూనే ఉంటుంది కాబట్టి సీసా మూత బిగించరు, పడుకోబెట్టరు. తెల్లగా, నురగగా, తియ్యగా, పొద్దున దించిన కల్లులా నాలుక మీద చిటపటలాడింది. తియ్యగా ఉంది కదా అని వరసగా తాగకండి. దాంతోపాటు ఉల్లిపాయ కేకు తినాలి. అందులో చాలాసార్లు పంది కొవ్వు ముక్కలుంటాయి కాబట్టి శాకాహారులు "ఓనె ష్పెక్?" అని అడగాలి. ఆ ఇంట్లో ముక్కలు లేనిది అయిపోయింది. కోడలికి ఉడికించిన బంగాళదుంపలు, ఉల్లికాడలు కలిపిన మెత్తటి పెరుగుచీజ్ తెచ్చారు. "మామయ్యగారూ, కాస్త పచ్చిమిర్చి ఉంటే ఇంక అడిగేది లేదు" అంది. డాంప్‌నూడెల్ కూడా శాకాహారులకు మంచిదే. ఆవిరికి ఉబ్బిన బన్ను, అడుగున ఉప్పటి మాడుపొర, మీద తియ్యటి వైన్ సాస్. తాగనివాళ్లకు చిక్కటి ద్రాక్షరసం ఉంటుంది. అది వైన్‌కు ఏమాత్రం తీసిపోదు.

డైడెస్‌హైమ్‌లో మీకు ఒక్క పూటే దొరికితే పేరున్న హోటళ్లు వదిలేసి ఏదో ఒక రైతు పెరట్లోకి వెళ్లండి. సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు సగం దాకా మంచి రోజులు. సోమ, మంగళవారాల్లో చాలా చోట్ల సెలవు. జేబులో నోట్లు ఉంచుకోండి, పెరళ్లలో అన్నిచోట్లా కార్డు తీసుకోరు.