కప్పను పెంచుకుంటే కనిపించేది మట్టే

మీలో ఎవరికైనా కప్పను పెంచుకోవాలనిపించిందా? నవ్వకండి బాబూ, సీరియస్‌గానే అడుగుతున్నా. అమెరికాలో ఉన్నవాళ్ళు పెట్ షాపుల్లో ఆఫ్రికన్ బుల్‌ఫ్రాగ్‌ని చూసే ఉంటారు. బాగా చూసుకుంటే 20 ఏళ్ళ పైనే బతుకుతుంది. డల్లాస్‌లో ఉన్న నా కాలేజీ ఫ్రెండు ఒకడు దాన్ని పెంచుతున్నాడు. వీడియో కాల్‌లో చూపించరా అంటే గాజుపెట్టె చూపించాడు. అందులో కొబ్బరిపొట్టు తప్ప ఏమీ లేదు. "లోపల పడుకుందిరా" అన్నాడు. అదండీ సంగతి, బొరియ కప్పను పెంచుకోవడమంటే ముప్పాతిక వంతు మట్టిని పెంచుకోవడమే!

ఇంతకీ నాకీ గోలంతా ఎందుకంటే, మొన్న ఎండాకాలం అమ్రాబాద్‌లో మా అక్కకొడుకు పెరట్లో మామిడిమొక్క కోసం గుంత తవ్వుతుంటే ఒక కప్ప బయటపడింది. వెంటనే నాకు ఫోన్. "మామా, గిది సచ్చిపోయిందా, పండుకున్నదా?" బకెట్లో మట్టి పోసి దాచాడు. పెంచుకుంటాడట.

నల్లమల మీద ఎండాకాలం ఎలా ఉంటుందో ఆ వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. కుంటలు ఎండిపోతాయి. కప్ప నోటితో నీళ్ళు తాగదు, చర్మంతోనే పీల్చుకుంటుంది. ఆ చర్మం ఎండితే ప్రాణం పోయినట్టే. అందుకే బొరియ కప్పల వెనక పాదాలకి చిన్న పారలాంటి గట్టి బుడిపె ఉంటుంది. దాంతో మట్టిని పక్కకి నెట్టుకుంటూ, కారుని రివర్సులో పార్క్ చేసినట్టు, వెనక్కి వెనక్కి నేలలోకి దిగిపోతుంది. ఇక నెలల తరబడి తిండి లేదు, కదలిక లేదు.

మరి వానొచ్చిందని దానికెలా తెలుస్తుంది? మన భాషలో చెప్పాలంటే అది పోలింగ్ చేయదు, ఇంటరప్ట్ కోసం ఎదురుచూస్తుంది. అమెరికా ఎడారుల్లోని స్పేడ్‌ఫుట్ కప్పల మీద డిమ్మిట్, రూయిబాల్ అనే ఇద్దరు చేసిన పరిశోధన 1980లో వచ్చింది. ఆ కప్పల్ని లేపేది తడి కన్నా వాన పడే చప్పుడూ, నేల అదురూ అని తేల్చారు. ఎలక్ట్రిక్ మోటారుతో నేలని అదిరిస్తే, చుక్క వాన లేకున్నా బయటకొచ్చేశాయి! మా వాడి బకెట్ ఎక్కడుందో తెలుసా? బోరు మోటారు పక్కన. మా కప్పా అదే జాతి అనడం లేదు కానీ, ఆ మాట చదివాక నాకు మనసొప్పలేదు.

డల్లాస్ కప్ప వేరు. అది పుట్టిందే పెట్టెలో, దానికి తెలిసిన వాన స్ప్రే బాటిలే. దాన్ని నేను తప్పు పట్టను. కానీ పెరట్లో దొరికినది తొలకరి కోసం పడుకుంది. ఆ నాలుగు వానల్లోనే అరవాలి, జోడీని వెతుక్కోవాలి, గుంత ఎండేలోపు పిల్లలు తోకలు కరిగించుకుని గట్టెక్కాలి. బకెట్లో మనం తిండి పెట్టగలం, నీళ్ళు పెట్టగలం. ఆ నాలుగు రోజులు మాత్రం ఇవ్వలేం. (పక్కనున్న టైగర్ రిజర్వులోంచి అనుమతి లేకుండా ఏ జీవినైనా తెస్తే అది నేరం కూడా. ఇది పెరట్లోది కాబట్టి పులుల దాకా వెళ్ళలేదు!)

మావైపు వానలు మొహం చాటేస్తే పిల్లలు కప్పతల్లి ఆట ఆడతారు. రోకలికి కప్పను కట్టి, వేపమండలు పెట్టి, ఇల్లిల్లూ తిప్పుతారు. ఇంటింటివాళ్ళూ నీళ్ళు పోస్తారు. ఆ కాసేపు దానికి ఇబ్బందే, కాదనను. కానీ ఊరికి కప్ప అంటే పెంపుడు జంతువు కాదు, వాన కబురు.

ఇదంతా మా వాడికి చెప్తే ఒకటే అడిగాడు. "మరి వానొచ్చినంక మల్ల కనవడ్తదా?" కనపడినా అదే కప్ప అని గుర్తుపట్టలేవురా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. సాయంత్రం అక్క ఫోన్ చేసి చెప్పింది, కప్పను ఆ గుంతలోనే పెట్టి వదులుగా మట్టి కప్పాడట. మామిడిమొక్కకి నాలుగడుగుల అవతల ఇంకో గుంత తవ్వాడట.

వాడు కప్పను పెంచుకోవట్లేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. మీరేమంటారు?