ముప్పయ్యొక్క రోజుల సిరా

2023 అక్టోబరులో నాతో నేనే ఒక పందెం వేసుకున్నాను. నెల పొడవునా రోజుకొక బొమ్మ, అదీ సిరాతో. జేక్ పార్కర్ అనే అమెరికన్ చిత్రకారుడు సిరాగీతలో తన చేయి తిరగడం కోసం 2009లో తనకు తాను విధించుకున్న నియమమిది. తరువాత దేశదేశాలకూ పాకి 'ఇంక్‌టోబర్' అన్న పేరుతో స్థిరపడింది. రోజుకొక మాట చొప్పున ముందే జాబితా ఇస్తారు. ఆ మాటకు తోచిన బొమ్మ వేయాలి. ముందు పెన్సిలుతో గీసుకున్నా దోషం లేదు గానీ చివరికి నిలవవలసింది సిరాయే.

జాబితా చలిదేశాల వారిది. ఇరవయ్యో తేదీ మాట గడ్డకట్టిన మంచు! వరంగల్లులో అక్టోబరు నెలలో మంచెక్కడ దొరుకుతుంది? ఫ్రిజ్ పై అర తెరిచి, అందులో పేరుకున్నదాన్నే చూసి గీశాను.

తెలుగువాళ్లం సిరాగీత అనగానే బాపును తలుచుకుంటాం. మా జిల్లావాళ్లం చంద్రను కూడా కలుపుకుంటాం. మా ఇంట్లో మాత్రం బాపు అంటే మా నాన్నగారే. ఇటు పక్క చాలా ఇళ్లలో తండ్రిని అలాగే పిలుస్తారు. ఆయన కూడా బొమ్మలవారే. ప్రభుత్వ పాఠశాలలో డ్రాయింగు మాస్టరుగా పదవీ విరమణ చేశారు. రెటీనా దెబ్బతిని కొన్నేళ్లుగా వెలుగూ నీడా తప్ప మరేమీ తెలియదు. పదో తరగతి తరువాత కుంచె వదిలేసిన కొడుకు, ఆయనకు చూపు పోయాక మళ్లీ బొమ్మలు మొదలుపెట్టాడని చెప్పడానికి నోరు రాలేదు. రెండు వారాలు దాచాను. చివరికి మా అమ్మాయి చెప్పేసింది.

ఆ రోజు పద్నాలుగో తేదీ, పెత్రమాస, ఎంగిలిపూల బతుకమ్మ. ఆనాటి మాట 'కోట'. కోట చేతికందే దూరంలో ఉండగా బల్ల ముందు కూర్చుని జ్ఞాపకం మీద తోరణం గీసి పారేశాను.

"ఎన్ని కంబాలు గీసినవురా?" అని అడిగారు.

"రెండు, బాపూ."

"ఒక్కో దిక్కు జంట కంబాలుంటయి గదరా. పక్కపొంటి మనిషిని గీసినవా?"

"లేదు."

"మరి ఎంతెత్తున్నదో ఎట్ల తెలుస్తది?"

మర్నాడు ఆదివారం, పొద్దున్నే కోటకు వెళ్లాను. శిథిలమైన స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, ఒక్కొక్కటి ముప్పయి అడుగుల ఎత్తు. నిజమే, జంట స్తంభాలే. ఇన్నేళ్లుగా నా కళ్లలో ఉన్నది 2014లో రూపొందిన రాష్ట్ర చిహ్నంలోని తోరణమని అక్కడ నిలబడితే గాని తెలియలేదు. సిగ్గుపడుతూ మళ్లీ గీశాను, ఈసారి నీడలో కూర్చున్న ఒక ముసలాయనతో సహా.

ఇంటికి తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. కాగితం మీద వేలు జరిపి చూశారు. ఫెల్టు పెన్ను గీత కదా, వేలికి ఏమీ తగలలేదు. "పాళీతోని గీయి. వేలికి తెలుస్తది," అన్నారు. అటక మీది రేకు డబ్బాలో పాత పాళీలు ఉన్నాయి. తుడిచి, కొత్త ఇండియనింకు సీసా కొన్నాను.

పాళీతో గీసినవారికి తెలుసు ఆ బాధ. నొక్కితే రెండుగా చీలి గీత లావవుతుంది, ఇంకా నొక్కితే కాగితంలో దిగబడుతుంది. మొదటి మూడు రోజులూ బొమ్మల కన్నా మరకలే ఎక్కువ. కానీ ఆ దిగబడటమే కదా మాకు కావలసింది. ఇరవై రెండు, సద్దుల బతుకమ్మ. ఆనాటి మాట గరుకుతనం. ఏమి కలిసివచ్చిందో చూడండి. తంగేడు, బంతి అయ్యాక పొట్టి పొట్టి గీతలతో గునుగు వేస్తుంటే పాళీ పట్టి కాగితం చిరిగింది. పారేయబోతే బాపు అందుకుని చిరుగు దగ్గర వేలు ఆపి, "గునుగేనా?" అన్నారు.

ఇరవై మూడు, ఇరవై నాలుగు గీయలేదు. దసరా, చుట్టాలు. తరువాత ఆ పేజీలు పూరించనూ లేదు.

ఇరవయ్యారు నాటి మాట 'తొలగించు'. హనుమకొండలో ఉన్నవాడికి వేరే ఆలోచన రాదు. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడిలో కల్యాణమండపాన్ని పునర్నిర్మాణం కోసం 2006లో విప్పారు. రాళ్లకు అంకెలు వేసి పేర్చారు. 2023 అక్టోబరు నాటికీ పని పూర్తి కాలేదు. విప్పకముందు బాపు తన పిల్లలను వెంటబెట్టుకుని అక్కడే బొమ్మలు వేయించేవారు. నేను ఆ గుడికి వెళ్లాను గాని మండపాన్ని గీసేటంతగా చూడలేదు. అందుకని ఆయన చెబుతుంటే నేను గీశాను. మొదటి కాగితాన్ని వేలితో తడిమి కసిరారు. "మొత్తం నింపినవేందిరా? నల్లరాయైనా మెరుస్తది. మెరుపుకాడ కాగితం విడువు." మూడో కాగితానికి కాసేపు ఏమీ అనలేదు. వేలు మాత్రం పాళీ తగలని తెల్లచోట్ల మీదే తిరిగింది.

మండపం 2024 మార్చి 8న మళ్లీ తెరుచుకుంది. ఆ కాగితం పట్టుకుని వెళ్లాను. మెరుపులు ఆయన విడవమన్న చోట్లనే ఉన్నాయి. నా స్తంభాలు మాత్రం బాగా సన్నం. వచ్చి చెప్పాను.

"మల్ల గీయి," అన్నారు, రేకు డబ్బా కోసం బల్ల మీద తడుముతూ.