అక్కరలేదను మాట

పెండ్లికో, వ్రతమునకో పది విస్తళ్లు వేసిన యింటిలో, మా నర్సీపట్నము వైపున, చివరి పంక్తి లేచు వేళకు వంటింటి గడపయొద్ద ఒక పెద్దావిడ చతికిలబడి యుండును. తెల్లవారుజామున పొయ్యి రాజేసినది మొదలు ఏమియు ముట్టని ఆమెను పలుకరించినచో, "నాకేటీ అక్కర్లేదమ్మా, ముందు మీరు తినీండి" అనును. ఆ మాట చెవిని బడినప్పుడెల్ల నాకు కలుగు చిరాకు ఇంతంత కాదు. ఆ చిరాకు ఆమెపైన కాదు; ఆ మాటను త్యాగమనియు, ఇల్లాలి ధర్మమనియు తరతరములుగా కొనియాడుచు, ఆ కొనియాడుటలోనే ఆమె యాకలిని మరచిపోవు వారందరిపైన.

తన కేమి కావలెనో తాను విచారించుకొనుట స్వార్థమను తలంపు మన ప్రాచీనులు నేర్పినదే యని కొంద రందురు. నే నొప్పుకొనను. చరకసంహిత సూత్రస్థానమున ఏడవ యధ్యాయమునకు 'నవేగాన్ధారణీయ' మని పేరు. శరీరమున సహజముగ పుట్టు 13 వేగములను బలవంతముగ ఆపరాదని అందు విధించిరి. మలమూత్రములు, ఆకలి, దప్పిక, నిద్ర మాత్రమే గాక, ఆవులింత, తుమ్ము, త్రేనుపు, శ్రమ చేసినవానికి వచ్చు రొప్పు, తుదకు కన్నీరు సైతము ఆ వరుసలో చేరినవి. కన్నీటిని ఆకలి సరసన కూర్చుండబెట్టిన ఆ మహానుభావునకు ఎన్నిమారులు నమస్కరించినను నాకు తనివి తీరదు. ఆ వెంటనే, ఆపవలసిన వేగము లివియని లోభము, శోకము, భయము, క్రోధము, అహంకారము, ఈర్ష్య మున్నగు వానిని వేరొక వరుసగ చెప్పినారు. శోకమును అణచుకొమ్మన్న నోటితోనే కన్నీటి నాపవద్దనుట యెంత సూక్ష్మమైన దృష్టి! మన యిండ్లలో ఈ రెండు వరుసలును తారుమారైనవి. ఇంటి పెద్ద కోపమునకు అడ్డు లేదు; ఇల్లాలి నిద్రకు మాత్రము అడుగడుగునా అడ్డే. ఈ యధ్యాయము నొక్కదానినైన తెలుగు చేసి, వివాహసమయమున వధూవరులకు మంగళాష్టకములకు ముందు వినిపించవలెనని నేను చిరకాలముగ వాదించుచున్నాను. వినువారు నవ్వుదురు, నేను మానను.

చింతపల్లికిగాని, సీలేరునకుగాని పోవు బస్సులో స్త్రీలను గమనించి చూడుడు. లంబసింగి ఘాటీ యెక్కి దిగువరకు నడుమ దిగుటకు తగిన చోటు దొరకదని తలంచి, ప్రొద్దుటినుండి నీరు మానివేసిన వారెందరో అందుందురు. ఒకామె సీసా మూత త్రిప్పి, కొంగుతో సీసా మూతిని తుడిచి, పెదవులు మాత్రము తడుపుకొని, ఒక్క గ్రుక్కయైనను గొంతు దిగకముందే మూత బిగించుట నేను కన్నులార చూచితిని. ప్రక్కనున్న పిల్లవానికి మాత్రము అదే సీసా నోటికందించి, "తాగు నాన్నా, ఎండ" అన్నది. వానికి ఎండ గలదు, ఆమెకు లేదు!

అక్కరను గుర్తించుటకు అభ్యాసము కావలెను. ఆ యభ్యాసము ఈ సీమకు క్రొత్తది కాదు. అనకాపల్లి చెంత శంకరమున బొజ్జన్నకొండ గలదు. 1907 ప్రాంతమున అలెగ్జాండర్ రీ త్రవ్వించి వెలికిదీసిన బౌద్ధారామ మది. రాతిని తొలిచిన గుహలను, ఇటుకతో కట్టిన విహారముల శిథిలములను చూచి, సర్వము త్యజించిన వారికి కోరికతో పనియేమి యని మనము చటుక్కున అనుకొందుము. కాని భిక్షువునకు నాలుగు అక్కరలను ధర్మమే యొప్పుకొన్నది: వస్త్రము, భిక్షాన్నము, నివాసము, ఔషధము. వానిని వాడుకొనునపుడెల్ల ఇది యెందులకని తన్ను తాను ప్రశ్నించుకొనవలెనని మజ్ఝిమనికాయములోని సబ్బాసవసుత్తము చెప్పును. వస్త్రము చలికి, ఎండకు, దోమకాటునకు, సిగ్గు కప్పుకొనుటకు. అన్నము వినోదమునకు గాక ఈ దేహము నిలుచుటకు. ఇక నివాసమునకు చెప్పిన ప్రయోజనములలో, వానగాలుల నుండి రక్షణతో బాటు, ఏకాంతసుఖము కూడ నొకటి! తలదాచుకొనుట యెంత అవసరమో, ఒంటరిగ నుండుటయు నంత అవసరమని అంగీకరించిన ఆ కరుణకు నాకు కన్ను చెమర్చును. పది మందితో క్రిక్కిరిసిన ఇంటిలో ఒక స్త్రీ అరగంట తలుపు వేసికొన్నచో, "ఒంట్లో బాగోలేదా?" యని వరుసగా అందరును తలుపు తట్టుదురు గదా!

మా పెద్దమ్మ యొక్కతె అట్లు తట్టనిచ్చినది కాదు. మధ్యాహ్న భోజనమైన పిదప వీధి అరుగుపై స్తంభమునకు చేరగిలబడి, వక్క నోట వేసికొని, "ఇప్పుడు నాకేటి కావాలి?" యని పైకే తన్ను తాను అడుగుకొనెడిది. పిల్లల మెవ్వరమైనను "ఏటి పెద్దమ్మా?" యన్నచో, "నిన్ను కాదురా, నన్నే అడుగుతున్నాను, అవతల ఆడుకో" యని పంపివేసెడిది. కొంతసేపు మోకాళ్లు తడవి చూచుకొనును, కన్నులు మూసికొనును, పిదప లేచి, తోచినది చేయును. ఒకనాడది చల్లమజ్జిగ, ఒకనాడు కునుకు. ఒకనాడు బలిఘట్టము పోయి, బ్రహ్మలింగేశ్వరుని దర్శించుకొని, ఉత్తరాభిముఖమై పారు వరాహానదిలో పాదములుంచి కూర్చుండుట. ఆ దినములందు రాత్రి వంట ఆలస్యమగుననియు, అందుకు కోపగించువారు కోపగించుకొనవచ్చుననియు ముందే చెప్పి పోయెడిది. ఆమెను స్వార్థపరురాలన్న బంధువు లుండిరి. వారి యిండ్లలో జ్వరము వచ్చినచో రాత్రంతయు మేలుకొని కూర్చున్నది ఆమెయే యని వారు మరచిరి, నేను మరువలేదు.

వేసవిలో ఆమెకు జీడిమామిడి పండ్లపై మక్కువ. నాతవరము, గొలుగొండ తోటల నుండి పిక్కలు తీసికొని పండ్లను పారవేయుదురు గదా, ఆ పండ్లనే బుట్టెడు తెప్పించుకొనును. ఆ వయసులో అవి తినరాదని ఎవరెంత వారించినను వినదు. పచ్చగ, ఎఱ్ఱగ మెరయుచు, పట్టుకొన్న చేతినుండి రసము మోచేతి వరకు కారెడి ఆ పండ్లను నిలువున చీల్చి, ఉప్పు రాచి, కొంతసేపు ఉంచవలెను. లేనిచో గొంతు పట్టివేయును, పైనపడిన మరక చాకలికిని వదలదు. అందులకై ఒక పాత చీర ప్రత్యేకముగ ఉంచుకొన్నది. ఎఱ్ఱనివాని కన్న పచ్చనివానిలో తీపి హెచ్చని ఆమె వాదము. మా మామయ్య ఒప్పుకొనెడివాడు కాడు.